ఆటలో అరటిపండు ఎవరూ కాకూడదంటే

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర ఉంటాము. ఇంజనీరింగ్‌లో కలిసి చదువుకున్న ఆరుగురం నెలకొక శనివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాము. పెళ్ళిళ్ళయ్యాక ఆరుగురం పది మందిమి అయ్యాము. పోయినసారి మా వంతు వచ్చినప్పుడు కబుర్లకు బదులు ఆటలు పెట్టాను. చాలా గొప్పగా విని కటాన్ అనే బోర్డు ఆట కొన్నాను. నియమాలు చెప్పడానికే ముప్పావు గంట పట్టింది. ఆడగలిగింది నలుగురు, మిగిలినవాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. తరువాత డంబ్ షరాడ్స్ పెడితే, ఒక స్నేహితుడి భార్యది నాగపూర్ కావడంతో తెలుగు సినిమాలు తెలియక, నవ్వుతూ ఒక మూల కూర్చుంది. మావారు మితభాషి, ఆయన వంటగదిలోకి వెళ్ళిపోయారు. ఇంకొక స్నేహితుడికి ఓటమి పడదు. రెండు పాయింట్ల దగ్గర వాదన పెద్దదై పదింటికే అందరూ లేచారు. మళ్ళీ మా వంతు వస్తోంది. ఏ ఆటలు పెట్టమంటారు? కొత్తవి కొనాలా? హౌసీకి డబ్బు పెడితే హుషారు వస్తుందని ఒకరు అంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరం చదివాక నా మనసులో నిలిచిపోయింది కటాన్ కాదు, "నవ్వుతూ ఒక మూల కూర్చుంది" అన్న మాట. చిన్నప్పుడు వీధిలో ఆడుకునేటప్పుడు ఎవరి తమ్ముడో, మరీ చిన్నవాడు, నేనూ వస్తానని ఏడుపు మొదలుపెడితే "సరే, నువ్వు ఆటలో అరటిపండువి" అని చేర్చుకునేవాళ్ళం. వాడు అందరితో పాటు పరిగెత్తేవాడు, అరిచేవాడు. ఎవరూ వాణ్ణి పట్టుకునేవారు కాదు, పట్టుకున్నా ఔట్ కాదు. నాలుగేళ్ళ పిల్లవాడికి అది పెద్ద హోదా. పెళ్ళయి ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి అది అవమానం, పైకి నవ్వుతూ భరించవలసిన అవమానం. ఆ రాత్రి మీ ఇంట్లో కటాన్ నడుస్తున్నంతసేపు ఆరుగురు అరటిపండ్లు. వాళ్ళు ఫోన్లు చూసుకోవడంలో వింతేముంది?

అందుకని ఆటను ఎంచుకునేటప్పుడు "ఇది సరదాగా ఉంటుందా" అని ఎవరినీ అడగకండి. ఆడినవాళ్ళందరూ ఉంటుందనే చెబుతారు. "ఇందులో ఎవరు, ఎంతసేపు ఊరికే కూర్చోవాలి" అని అడగండి. కటాన్ మంచి ఆటే. 1995లో జర్మనీలో క్లాస్ టాయిబర్ తయారుచేసిన ఆట అది, గొర్రెలూ గోధుమలూ ఇటుకలూ ఇచ్చిపుచ్చుకుంటూ ఊళ్ళు కట్టుకోవడం. కాని ఆ పెట్టె ముగ్గురికీ నలుగురికీ ఉద్దేశించింది. వర్షం పడే ఆదివారం రెండు జంటలు కూర్చుని ఆడుకోవడానికి దాచుకోండి. ఐదారుగురు ఆడేందుకు వీలుగా అదనపు పెట్టె ఒకటి అమ్ముతారు. అది కొన్నా ఇంకా నలుగురు మిగిలిపోతారు కాబట్టి, దాని జోలికి వెళ్ళకండి.

ఇంకొక సంగతి మీరు రాయలేదు గాని ఊహించగలను. ఏడింటికి రమ్మంటే ఏడింటికి ఒక జంట వస్తుంది. ఏడూ ముప్పావుకు ఇంకొకరు. ఎనిమిదిన్నరకు ఫోను: "ఇదిగో, కొండాపూర్ దాటేశాము." అందరూ వచ్చాక మొదలుపెడదామని మీరు ఆగుతారు, మొదట వచ్చినవారు ఫోను తీస్తారు. ఒకసారి తీసిన ఫోను మళ్ళీ జేబులోకి వెళ్ళడం కష్టం. కాబట్టి మొదటి అతిథి చెప్పులు విడవగానే చేతికి ఏదో ఒక పని దొరకాలి, అది మిగతావారి కోసం ఎదురుచూడని పని అయి ఉండాలి. దీనికి చీటీలను మించింది లేదు.

చీటీల గిన్నె ఆట అని నేను పిలుస్తాను, ఇంగ్లీషువాళ్ళు ఫిష్‌బౌల్ అంటారు. వచ్చిన ప్రతివారికీ మంచినీళ్ళతో పాటు ఐదు చీటీలు, ఒక పెన్ను ఇవ్వండి. ఒక్కో చీటీ మీద ఒక వస్తువో, చోటో, పనో రాయమనండి: ప్రెషర్ కుక్కర్ మూడో కూత, చార్మినార్, గోంగూర పచ్చడి, అత్తగారి ఫోను, లిఫ్టులో ఇరుక్కుపోవడం, ఏదైనా సరే. మడిచి పెద్ద గిన్నెలో వేయాలి. పది మంది వచ్చేసరికి యాభై చీటీలు తయారవుతాయి. ఆలస్యంగా వచ్చినవారు పోగొట్టుకున్నది ఏమీ లేదు, గుమ్మంలోనే చీటీలు రాసి ఆటలో కలిసిపోతారు.

ఆట మూడు విడతలు. ఐదుగురు చొప్పున రెండు జట్లు. ఒకరు లేచి గిన్నెలో చెయ్యి పెట్టి చీటీ తీస్తారు. వాళ్ళ జట్టు కనిపెట్టాలి. కనిపెడితే ఇంకొక చీటీ, ముప్ఫై సెకన్లో నలభై ఐదో అయ్యేదాకా. ఆ తరువాత గిన్నె రెండో జట్టుకు వెళుతుంది. మొదటి విడతలో చీటీ మీద ఉన్న మాట తప్ప ఏమైనా మాట్లాడవచ్చు. గిన్నె ఖాళీ కాగానే అవే యాభై చీటీలు మళ్ళీ మడిచి లోపల వేయాలి. రెండో విడతలో ఒకే ఒక్క మాట చెప్పాలి. మూడో విడతలో నోరు మెదపకూడదు, సైగలే.

అవే చీటీలు మూడుసార్లు తిరగడంలోనే కిటుకంతా ఉంది. మీ నాగపూర్ స్నేహితురాలినే తీసుకోండి. మొదటి విడతలో ఎవరో గోంగూర పచ్చడి చీటీ తీసి "పుల్లటి ఆకు, మీ ఆయన ఊరి నుంచి సీసా నిండా తెచ్చుకుంటాడు" అంటారు. ఆమె "అంబాడి!" అని అరుస్తుంది, మరాఠీలో గోంగూర పేరు అదే. ఒప్పుకోవాలా వద్దా అని ఒక నిమిషం గొడవ. ఒప్పుకోండి, ఏ భాషలో చెప్పినా చెల్లుతుందని ముందే నియమం పెట్టండి. రెండో విడతలో అదే చీటీకి "అంబాడి" అన్నది గది మొత్తానికీ తెలిసిన గుర్తు అయిపోతుంది. మూడో విడతలో ఎవరైనా చీటీ చూసి పులుపుకు కన్ను గీటినట్టు మొహం పెడితే చాలు, పది మందీ ఒకేసారి అరుస్తారు. రాత్రి ఏడింటికి ఎవరికీ లేని ఉమ్మడి జ్ఞాపకం తొమ్మిదింటికల్లా యాభై ముక్కలుగా తయారవుతుంది. ముందునుంచీ ఒకరినొకరు తెలిసినవారికీ కొత్తవారికీ అందులో సమాన వాటా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీ గదిలోని చీలిక తెలుగు వచ్చినవారికీ రానివారికీ మధ్య ఉందని మీరు అనుకుంటున్నారు. నాకు అలా కనిపించడం లేదు. కలిసి చదువుకున్న ఆరుగురికీ, పెళ్ళితో వచ్చిన నలుగురికీ మధ్య ఉంది. వంటగదిలోకి వెళ్ళిపోయిన మీవారు ఆ నలుగురిలో ఒకరే కదా. ఆయనకు తెలుగు సినిమాలన్నీ తెలిసి ఉండవచ్చు, మీ రెండో సంవత్సరం ల్యాబులో ఎవరు ఏమి పగలగొట్టారో తెలియదు. పాత స్నేహితులు కలిసిన చోట ప్రతి మాటా అక్కడికే జారుతుంది. చీటీల మీద కాలేజీ సంగతులు నిషేధించండి. లెక్చరర్లకు పెట్టిన మారుపేర్లు అసలే వద్దు. సినిమా పేర్లు మనిషికి ఒకటి మించకూడదు. రాత కూడా అందరూ చదవగలిగే లిపిలో ఉండాలి. నాగపూర్ ఆమె సంగతి అటుంచి, మీ ఆరుగురిలోనే తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవారు ఇద్దరైనా ఉంటారని నా పందెం.

జట్లు చేసేటప్పుడు భార్యాభర్తలను ఒకే జట్టులో వేయకండి, ఆడవాళ్ళు ఒక జట్టు మగవాళ్ళు ఒక జట్టు అని కూడా చేయకండి. చిన్నప్పటిలా పంటలు వేసుకోండి, కాని రెండుసార్లు: మీ ఆరుగురు ఒకసారి, కొత్త నలుగురు ఒకసారి. అప్పుడు ప్రతి జట్టుకూ ముగ్గురు పాతవారు, ఇద్దరు కొత్తవారు వస్తారు. జంట ఒకే జట్టులో పడితే ఒకరిని మార్చండి. అరచేతులు తిప్పుతున్నప్పుడే సగం నవ్వు వచ్చేస్తుంది.

డంబ్ షరాడ్స్‌ను విడిగా పెట్టనక్కరలేదు, మూడో విడత అదే. షరాడ్ అన్నది 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో పొడుపు కథగా పుట్టింది. మాటను ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ చిక్కు వేసేవారు, నటించి చూపడం తరువాత వచ్చింది. మన దగ్గరికి వచ్చేసరికి అది సినిమా పేర్లకు కట్టుబడిపోయింది. ఇప్పుడైతే ఎవరూ చూడని డబ్బింగ్ సినిమా పేరు ఒకటి వెతికి అవతలి జట్టు చెవిలో ఊదడమే తెలివితేటలుగా చెలామణి అవుతోంది. దాన్ని ఆట అనను, తొండి అంటాను.

గిన్నె ఖాళీ అయ్యాక కాస్త గొంతులకు విశ్రాంతి కావాలి. అప్పుడు జస్ట్ వన్ పెట్టండి. 2018లో వచ్చిన ఆట, 2019లో జర్మనీ వాళ్ళ ష్పీల్ డెస్ యారెస్ బహుమతి దానికి దక్కింది. ఏటా ఒక్క ఆటకు ఇస్తారు, బోర్డు ఆటల లోకంలో అంతకు మించిన గౌరవం లేదు. పెట్టె ముగ్గురి నుంచి ఏడుగురి దాకా అని చెబుతుంది గాని, కాగితాలు ఉంటే ఎంతమందైనా ఆడవచ్చు, కొనవలసిన పని లేదు. ఒకరు కళ్ళు మూసుకుంటారు. మిగిలిన తొమ్మిది మందికీ ఒక మాట చూపిస్తారు. ఎవరికి వారు, పక్కవారికి చూపకుండా, ఆ మాటకు ఒక్క మాటలో ఆధారం రాయాలి. తరువాత కాగితాలు పోల్చుకుని, ఇద్దరు ముగ్గురు ఒకే మాట రాసి ఉంటే వాటిని కొట్టివేయాలి. మిగిలినవే కళ్ళు మూసుకున్నవారికి చూపించాలి.

మాట "సంక్రాంతి" అనుకోండి. ముగ్గురు "ముగ్గు" అని రాస్తారు, పోయింది. ఇద్దరు "గాలిపటం", పోయింది. ఇద్దరు "కోడిపందెం", అదీ పోయింది. చివరికి మిగిలేవి "గొబ్బెమ్మ", "టోల్ గేటు". గొబ్బెమ్మకూ టోల్ గేటుకూ ముడి పెట్టలేక కళ్ళు తెరిచిన మనిషి జుట్టు పీక్కుంటుంటే, పండగకు విజయవాడ దారిలో గంటలు గంటలు కారులో కూర్చున్నవారందరూ లోలోపల కుతకుతలాడుతుంటారు. ఇందులో జట్లు లేవు. అందరూ కలిసి గెలుస్తారు లేదా అందరూ కలిసి ఓడిపోతారు. పదమూడు మాటల్లో ఎన్ని చెప్పగలిగారన్నదే లెక్క. మీవారికి నేను ఎంచి ఇచ్చే ఆట ఇది. ఆయన ఒక్క మాట కూడా పైకి అననక్కరలేదు, అయినా ఆట మధ్యలో ఉంటారు. మాట్లాడనివారు గమనించేవారు. ఇలాంటి చోట ఎవరికీ తట్టని ఆధారం వాళ్ళ కాగితం మీదే కనిపిస్తుంది. రెండోసారి వంటగదిలోకి వెళ్ళరని పూచీ ఇవ్వలేను గాని, అలికిడి వినపడితే తిరిగి వస్తారు.

ఓటమి పడని మిత్రుడి సంగతికి వస్తాను. ప్రతి గుంపులో ఒకరుంటారు, మా ఇంట్లో అయితే అది నేనే. కాబట్టి లోపలి మాట చెబుతాను. రెండు గంటల ఆటలో ఓడిపోతే ఆ రెండు గంటలూ మింగుడుపడవు. ఐదు నిమిషాల ఆటలో ఓడిపోతే బాధపడే లోపే ఇంకొకటి మొదలవుతుంది. చిన్న చిన్న ఆటలు పెట్టండి. పాయింట్లు ఒక కాగితం మీద రాయండి, గోడకు అంటించకండి. ప్రతి ఆటకూ జట్లు మార్చండి. రాత్రి మొత్తానికి ఒక విజేతను ప్రకటించే ఆలోచన ఉంటే మానుకోండి. "నువ్వు తీర్పు చెప్పు" అని ఆయనకే గడియారం అప్పగించమని చాలామంది సలహా ఇస్తారు. నన్నడిగితే వద్దు. తీర్పరి కుర్చీలో కూర్చుంటే మాలాంటివాళ్ళం ఇంకా ముదిరిపోతాము. వాదన వస్తే అవతలి జట్టుకు పాయింటు ఇచ్చేయాలని ముందే అనుకోండి. తగువు పెట్టుకుంటే నష్టమే అయినప్పుడు ఎవరూ పెట్టుకోరు.

భోజనం తరువాత, ఇంకా ఓపిక ఉంటే, కోడ్‌నేమ్స్ ప్రయత్నించండి. చెక్ దేశస్థుడు వ్లాదా ఖ్వాటిల్ చేసిన ఆట, 2015లో వచ్చింది. ఇందాకటి బహుమతే మరుసటి సంవత్సరం దీనికీ వచ్చింది. దీనికీ పెట్టె కొననక్కరలేదు, మీ గిన్నెలోని చీటీలే ఇరవై ఐదు తీసి ఐదు వరుసలుగా పేర్చండి. ప్రతి జట్టులో ఒకరు నాయకులు. వాళ్ళిద్దరికీ మాత్రమే కనిపించే ఒక కాగితం మీద, ముందు ఆడే జట్టువి 9 చీటీలు, రెండో జట్టువి 8, ఎవరివీ కానివి 7, ముట్టుకుంటే ఆటే పోయే విషపు చీటీ 1 అని గుర్తు పెట్టుకోవాలి. నాయకులు ఒక్క మాట, ఒక అంకె మాత్రమే చెప్పాలి: ఆ మాటకు తగిలే తమ చీటీలు ఎన్నో ఆ అంకె చెబుతుంది, అవి ఏవో జట్టు కనిపెట్టి చెయ్యి పెట్టాలి. మీ చీటీలలో "వేప", "బెల్లం", "కాకరకాయ" ఉన్నాయనుకోండి, మొదటి రెండిటికీ "ఉగాది, రెండు" అనాలని నోరు దురద పెడుతుంది. కాని విషపు చీటీ "మామిడికాయ" అయితే మీ జట్టు నేరుగా దాని మీదే చెయ్యి పెడుతుంది. "వేప"ను "కాకరకాయ"తో కలిపి "చేదు, రెండు" అనడం క్షేమం. తెలుగు మాటలతో ఆడితే ఈ ఆట ఇంగ్లీషు కన్నా రుచిగా ఉంటుంది, ఎందుకంటే మనకు ఒక్క పండగ పేరులో పది వస్తువులు ఇమిడి ఉంటాయి. దీని లోపం కూడా తెలుసుకోండి: నాయకులు ఆలోచిస్తూ కూర్చుంటే ఎనిమిది మంది వాళ్ళ మొహం చూస్తూ ఉండాలి. రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఓటమి పడని మిత్రుణ్ణి ఆ కుర్చీలో అసలు కూర్చోబెట్టకండి, జట్టు ఓడిపోతే నింద మొత్తం నాయకుడి మీదే పడుతుంది.

మాఫియా ఆడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. 1980ల చివర్లో మాస్కో స్టేట్ యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో దిమిత్రి దవీదోవ్ మొదలుపెట్టిన ఆట ఇది. సైకాలజీ వాళ్ళ పని అని ఆడితేనే తెలుస్తుంది. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు రహస్యపు హంతకులు ఒకరిని "చంపుతారు", కళ్ళు తెరిచాక మిగిలినవారు హంతకులెవరో వాదించి ఓటు వేస్తారు. పది మందికి సంఖ్య సరిగ్గా సరిపోతుంది: ఒకరు ఆట నడపడానికి, ఇద్దరు హంతకులు, ఒక డాక్టరు, ఒక పోలీసు, ఐదుగురు మామూలు జనం. నేను స్వయంగా దీని వల్ల ఒక చుట్టరికాన్ని ప్రమాదంలో పెట్టుకున్నాను. మా బావగారిని మొదటి రాత్రే చంపేశారు. చచ్చిపోయినవారు మాట్లాడకూడదు కాబట్టి ఆయన కాసేపు చూసి మేడ మీదికి వెళ్ళారు. ముప్పావు గంట తరువాత హంతకులను పట్టుకుని మేము కేరింతలు కొడుతుంటే, ఆయన డాబా మీద చాప వేసుకుని నిద్రపోతున్నారు. లేపితే, "నన్నెవరు చంపారు?" అన్నది మొదటి ప్రశ్న. చంపింది మా ఆవిడ, ఆయన సొంత చెల్లెలు. అప్పటి నుంచి మా ఇంట్లో మాఫియాకు రెండు నియమాలు: మొదటి రాత్రి ఎవరినీ చంపకూడదు, మొదట పోయినవారు తరువాతి ఆట నడపాలి. మీ బృందంలో మాత్రం నేను దీన్ని ఈసారికి పక్కన పెడతాను. ఒకరినొకరు కాలేజీ నుంచీ ఎరిగిన ఆరుగురి మధ్య అబద్ధం ఆడటం సరదా. ఇంకా మీ అందరితో చనువు కుదరని మనిషిని "నువ్వే అబద్ధం చెబుతున్నావు" అని పది మందీ వేలెత్తి చూపడం ఆమెకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

హౌసీ గురించి అడిగారు. 1 నుంచి 90 దాకా అంకెలు, టికెట్టు మీద మూడు వరుసల్లో పదిహేను. అదృష్టం తప్ప ఇంకేమీ అక్కరలేదు కాబట్టి అరటిపండు అనేది ఇందులో ఉండదు, అంతవరకు దానికి మార్కులు వేస్తాను. కాని పది మందీ తల వంచుకుని ఎవరి కాగితం వారు చూసుకుంటారు. గదిలో వినిపించేది అంకెలు చదివే గొంతు ఒక్కటే. వంద మంది ఉన్న అపార్ట్‌మెంటు వేడుకలో అది బాగుంటుంది. స్నేహితులు మొహమొహాలు చూసుకోవడానికి కలిసిన రాత్రి, బిర్యానీ వచ్చే లోపు ఒక్క రౌండు చాలు.

డబ్బు పెట్టకండి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసే అది, క్లబ్బుల్లో పేకాడేవారు ఇప్పటికీ ఆ తీర్పును మంత్రంలా వల్లిస్తారు. అయినా డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. హౌసీలో అయితే నైపుణ్యం అనే వాదనకే చోటు లేదు. చట్టం సంగతి అటుంచినా, డబ్బు పెడితే వచ్చే హుషారు గెలిచినవారిది. ఓడినవారికి వచ్చేది లెక్క. మా చుట్టాల్లో ఇరవై రూపాయల టికెట్టు దగ్గర జారిన మాట ఒకటి ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో ఎవరో ఒకరు గుర్తుచేస్తుంటారు. బహుమతి పెట్టాలనిపిస్తే తినేది పెట్టండి. పూతరేకుల పెట్టె గెలిచినవారు అక్కడే విప్పి పంచక తప్పదు, ఓటమి పడనివారి నోరు కూడా తీపి అవుతుంది.

ఊనో వంటి ముక్కల ఆటలు పది మందిలో పెడితే వంతు తిరిగి వచ్చేసరికి టీ చల్లారుతుంది. అయితే అందరూ అన్నివేళలా ఒకే ఆటలో ఉండాలని పట్టుబట్టకండి. గదిలో ఒక మూల చాప వేసి అష్టాచెమ్మా గీసి, నాలుగు గవ్వలు పెట్టండి. గోల నుంచి కాసేపు తప్పుకోవాలనుకునేవారికి అదొక మర్యాదైన దారి. ఫోను చూసుకునేవారిని అందరూ గమనిస్తారు, గవ్వలు వేసుకునేవారిని ఎవరూ ఏమీ అనరు. అక్కడ నలుగురు కూర్చుంటే ఇటు ఆరుగురితో జస్ట్ వన్ ఇంకా బాగా నడుస్తుంది.

అంత్యాక్షరిని చివరికి ఉంచండి, బిర్యానీ తిన్నాక ఎవరూ లేవలేని వేళకు. పాయింట్లు వద్దు. "ణ" మీద ఆగితే "న", "ళ" మీద ఆగితే "ల" అని ముందే ఒప్పుకోండి, ఆ రెండు అక్షరాలతో మొదలయ్యే పాట దొరకదు. హిందీ పాటలకు తలుపు తెరవండి. అప్పుడు ఎవరు గెలుస్తారో నాకు తెలుసు. పోయినసారి మూల కూర్చున్న ఆమె ఇంట్లో వేసవి సెలవులన్నీ అంత్యాక్షరితోనే గడిచి ఉంటాయి.

నియమాలు చెప్పడంలో మీరు పడిన ముప్పావు గంట కష్టం మళ్ళీ పడనక్కరలేదు. నేను చెప్పిన ఆటల్లో ఏదైనా నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. అయినా ముందు రోజు రాత్రి మీవారితో కలిసి ఒకసారి ఆడి చూడండి. అందరి ముందు కాగితం చూసి చదవకండి. మొదటి రౌండు లెక్కలోకి రాదని చెప్పి ఆడించండి, తప్పులు చేస్తూనే నేర్చుకుంటారు. రెండోసారి కూడా అర్థం కాని ఆటను మొహమాటపడకుండా ఆపేసి ఇంకొకదానికి వెళ్ళండి. ఎవరూ మిమ్మల్ని కటాన్‌లో చేసినట్టు మధ్యలో ఇరుక్కోమని అడగడం లేదు.

మిరపకాయ బజ్జీలు చేస్తానని అనుకుంటున్నారేమో, చేయకండి. చేయాలనిపిస్తే చీటీలు రాయడం అయిపోయాక పెట్టండి. నూనె చేతులతో మడిచిన చీటీని మూడో విడతకల్లా ఎవరూ చదవలేరు. జీడిపప్పు, వేయించిన శనగలు, చేగోడీలు నయం.

కొత్తవి కొనాలా అన్నారు కదా, ఒక్కటి మాత్రం తప్పకుండా కొనండి. మీ ఇంట్లో ఉన్న పెన్నులన్నీ ఇప్పుడే ఒక చోట చేర్చి కాగితం మీద గీసి చూడండి. రాసేవి మూడు దొరికితే గొప్ప. పది మందికి పది కావాలి.